మన్సూర్ అబ్బాస్ నిజంగా మారాడా, ఓట్ల లెక్క చూసుకున్నాడా?

ఓరుగల్లు_రవి

ఇజ్రాయెల్ రాజకీయాలు చదివేవాళ్ళు ఇక్కడ కొందరైనా ఉన్నారని అడుగుతున్నా. మన్సూర్ అబ్బాస్ విషయం నాకు తెగట్లేదు. ఇజ్రాయెల్ పౌరుడైన అరబ్ నాయకుడు. ఊరు గలిలీలోని మగార్. చదివింది పళ్ళ డాక్టరీ. పెరిగింది ఇస్లామిక్ మూవ్‌మెంట్‌లో. అలాంటివాడు 2021 జూన్‌లో తన రాఅమ్ పార్టీని తీసుకెళ్ళి నఫ్తాలీ బెన్నెట్ ప్రభుత్వంలో కలిపాడు. బెన్నెట్ ఒకప్పుడు ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్‌లో ఇళ్ళు కట్టుకున్న యూదుల (సెటిలర్ల) మండలికి డైరెక్టర్ జనరల్‌గా చేసిన మనిషి. ఒక స్వతంత్ర అరబ్ పార్టీ ఇజ్రాయెల్ సంకీర్ణంలో చేరడం అదే మొదటిసారి. ఆ డిసెంబరులో అబ్బాస్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఇజ్రాయెల్ యూదు దేశంగా పుట్టింది, అలాగే ఉంటుంది, అందులో అరబ్ పౌరుడి స్థానం ఏమిటన్నదే ప్రశ్న అన్నాడు.

సొంతవాళ్ళు ద్రోహి అన్నారు. అవతలివాళ్ళు నాటకం అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. మారిన మనిషిని రెండు పక్కలా నమ్మకపోతే రేపు మారాలనుకునేవాడికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది. అతను మారాడా, లెక్క చూసుకున్నాడా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాస్టారు

రెండూ జరిగాయి. రాజకీయ నాయకుడి విషయంలో వీటిని విడదీసి చూడలేం.

బెన్నెట్ ప్రభుత్వానికి పార్లమెంటులో జరిగిన ఓటింగు గురించి ఒక మాట. 120 మందిలో అబ్బాస్ పార్టీవాళ్ళు 4. ప్రభుత్వం 60-59తో గట్టెక్కింది. ఓటు వేయని ఆ ఒక్కడూ అబ్బాస్ పార్టీ సభ్యుడే. నెగెవ్ ఎడారిలో బెదూయిన్ అరబ్బుల ఇళ్ళు కూల్చే విషయం తేలలేదని ఆగిపోయాడు. నాయకుడు మారినంత తేలిగ్గా పార్టీ మారలేదు.

పాత_పేపర్

అబ్బాస్ దగ్గర మొదలుపెడితే ఈ కథ అర్థం కాదు రవి గారూ. షేక్ అబ్దుల్లా నిమర్ దర్వీష్ దగ్గర మొదలుపెట్టాలి.

దర్వీష్ 1948లో పుట్టాడు, ఊరు కఫర్ ఖాసిం. ఆ ఊరి పేరు వింటే అక్కడి అరబ్బులకు 1956 అక్టోబరు 29 గుర్తొస్తుంది. కర్ఫ్యూ వేళ ముందుకు జరిపిన సంగతి తెలియక పొలాల నుంచి, పనుల నుంచి ఇళ్ళకొస్తున్నవాళ్ళను సరిహద్దు పోలీసులు కాల్చేశారు. దాదాపు 50 మంది చనిపోయారు. అందులో పిల్లలూ ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ ఊళ్ళో పెరిగిన కుర్రాడికి కోపం ఉండదా? పెద్దయ్యాక ఇజ్రాయెల్‌లో ఇస్లామిక్ మూవ్‌మెంట్ స్థాపించాడు. 1980ల మొదట్లో సాయుధ ముఠా కేసులో జైలుకు పోయాడు. 1985లో బయటికొచ్చాక, ఈ దేశపు చట్టం లోపలే మన పని అన్నాడు. హింసను వదిలేశాడు. తర్వాత మైఖేల్ మెల్కియోర్ అనే రబ్బీతో స్నేహం కుదిరింది. చివరిదాకా ఆయనతో కలిసి మత పెద్దల మధ్య శాంతి కోసం తిరిగాడు. 2017లో చనిపోయాడు.

1996లో పార్లమెంటు ఎన్నికల్లో దిగాలా వద్దా అన్న గొడవతో సంస్థ రెండుగా చీలింది. ఉత్తర శాఖ రాయెద్ సలాహ్‌ది, వాళ్ళు వద్దన్నారు. ఆ శాఖను 2015 నవంబరులో ప్రభుత్వం నిషేధించింది. దిగుదామన్న దక్షిణ శాఖ దర్వీష్‌ది. అబ్బాస్ అందులోంచి వచ్చినవాడే. అంటే 2021లో రాత్రికి రాత్రి జరిగిన మార్పు కాదు ఇది. వెనక పాతికేళ్ళ పైబడిన వాదన ఉంది.

ఓరుగల్లు_రవి

ఈ దర్వీష్ సంగతి నాకు అసలు తెలియదు పాత_పేపర్ గారూ. జైల్లో ఏం జరిగిందో ఎక్కడైనా చెప్పాడా?

పాత_పేపర్

ఆలోచించుకోవడానికి కావలసినంత టైం దొరికింది, అంతవరకు ఖాయం. జైలు మనుషుల్ని రెండు రకాలుగా చేస్తుంది. కొందరు రాటుదేలి బయటికొస్తారు, కొందరు ఇలా వస్తారు.

నల్గొండ_రఫీ

ఈ త్రెడ్ మొదలైన తీరే నాకు నచ్చలేదు. ‘మారడం’ అనగానే అందరూ ముస్లిం పేర్లే ఎందుకు తీస్తారు? అబ్బాస్ మారాడా, దర్వీష్ మారాడా అని తూకం వేస్తున్నారు. బెన్నెట్ సంగతి ఎవరూ అడగరు. ఎన్నికల ముందు అబ్బాస్ మద్దతుతో ప్రభుత్వం పెట్టనని టీవీలో హామీ ఇచ్చింది ఆయనే కదా. మరి ఆయన మారాడా, కుర్చీ లెక్క చూసుకున్నాడా?

ఇంకోటి. అబ్బాస్ మాట్లాడేది ఇజ్రాయెల్ పౌరులైన అరబ్బుల గురించి, జనాభాలో అయిదో వంతు. వాళ్ళకు ఓటుంది. వెస్ట్ బ్యాంక్‌లో, గాజాలో ఉన్నవాళ్ళకు ఆ ఓటు లేదు. వాళ్ళ తరఫున కూడా అబ్బాస్ రాజీ పడ్డట్టు మాట్లాడటం అన్యాయం. యూదు దేశం అని ఒప్పుకున్న మనిషి 2018లో వచ్చిన, ఇజ్రాయెల్ యూదుల దేశమని రాసిన నేషన్ స్టేట్ చట్టం గురించి ఏమంటాడు? ఆ చట్టంతో అరబిక్‌కు అధికార భాష హోదా పోయింది.

లెక్కల_మాస్టారు

రఫీ, బెన్నెట్ గురించి నువ్వన్నది సరిగ్గా ఉంది. ఇంకా కలుపుతా. అబ్బాస్‌ను మొదట దువ్వింది నెతన్యాహు. అబ్బాస్ ఓట్లతో ప్రభుత్వం నిలబెట్టాలని చూశాడు, తీవ్ర మితవాద నాయకుడు స్మోత్రిచ్ అడ్డం పడ్డాడు. ఆ తర్వాత అదే అబ్బాస్‌ను బెన్నెట్ తీసుకుంటే దేశాన్ని ఉగ్రవాదుల మద్దతుదార్లకు అప్పగించారని ప్రచారం చేశారు.

చేబ్రోలు_వాసు

మెయిన్ టాపిక్ కాదు గానీ, మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్ ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసు? బెనె ఎఫ్రాయిం అంటారు. తెలుగు మాట్లాడే యూదులు. కొద్ది కుటుంబాలే. శనివారం సబ్బాతు పాటిస్తారు.

కువైట్_కడప

వాసూ, సబ్బాతు రోజు గోంగూర తింటారా లేదా అది చెప్పు ముందు 😀

చేబ్రోలు_వాసు

గుంటూరు జిల్లాలో పుట్టి గోంగూర తినకుండా ఎలా ఉంటారన్నా!

వేదిక_నిర్వాహకుడు

మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. ఒకటి ముస్లింలను, ఒకటి యూదులను మొత్తంగా కలిపి తిట్టినవి. నాయకుల మీద, విధానాల మీద ఎంత కోపమైనా రాసుకోండి. మతం పేరుతో జనాన్ని తిడితే మాత్రం ఉంచను.

మాధవి_లెక్చరర్

రఫీ గారి ప్రశ్న న్యాయమైంది. అటువైపు మారినవాళ్ళూ ఉన్నారు. రామీ ఎల్హనాన్ గురించి చెబుతాను. ఆయన తండ్రి నాజీల ఆష్‌విట్జ్ మరణశిబిరం నుంచి బతికి బయటపడ్డవాడు. రామీ 1973 యుద్ధంలో పాల్గొన్న సైనికుడు. 1997 సెప్టెంబరులో జెరూసలేం బెన్ యెహుదా వీధిలో ఆత్మాహుతి దాడిలో కూతురు పోయింది. బిడ్డ పోయిన తండ్రి పగ కోరుకుంటాడని అందరూ అనుకుంటారు. ఆయన కొంతకాలానికి పేరెంట్స్ సర్కిల్ సమావేశానికి వెళ్ళాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇజ్రాయెలీ, పాలస్తీనా కుటుంబాలు కలిసి నడిపే వేదిక అది. 1994లో హమాస్ చేతిలో కొడుకును పోగొట్టుకున్న యిత్జాక్ ఫ్రాంకెంతాల్ దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ పాలస్తీనా తల్లులు తమ పిల్లల ఫొటోలు పట్టుకుని బస్సు దిగడం చూశాకే తన మనసు మారిందని రామీ చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆయనకు అన్నదమ్ముడి లాంటివాడు పాలస్తీనీయుడు బస్సామ్ అరామీన్. పదిహేడేళ్ళకు జైలుకు పోయి ఏడేళ్ళు ఉన్నాడు. జైల్లో యూదుల మారణహోమం మీద సినిమా చూపించారు. యూదులు బాధపడటం చూసి ఆనందిద్దామని కూర్చున్నవాడికి ఏడుపొచ్చింది. బయటికొచ్చాక కొందరు మాజీ సైనికులు, మాజీ ఖైదీలతో కలిసి కంబాటెంట్స్ ఫర్ పీస్ పెట్టాడు. ఆ పనిలో ఉండగానే, 2007 జనవరిలో, అనాతాలో బడి దగ్గర సరిహద్దు పోలీసు పేల్చిన రబ్బరు తూటా తగిలి ఆయన పదేళ్ళ కూతురు చనిపోయింది. ఆ తర్వాత కూడా దారి మార్చుకోలేదు. బ్రిటన్ వెళ్ళి బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ మారణహోమం మీదే ఎం.ఏ. చేశాడు.

అభిప్రాయం మారాక మొదటి దెబ్బ తగలగానే పాత చోటికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. బస్సామ్ వెళ్ళలేదు. ఈ మనిషి గురించి క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది.

నల్గొండ_రఫీ

బస్సామ్ గురించి నాకూ తెలుసు మేడం, ఆయన ముందు తల వంచుతాను. కానీ ఒకటి గమనించండి. ఆ కాల్పులకు ఏ పోలీసుకూ శిక్ష పడలేదు. సివిల్ కోర్టు పరిహారం ఇమ్మంది, అంతే. మనసులు మారాయి గానీ వ్యవస్థ మారలేదు.

జగిత్యాల_సుజాత

నేను పెతాఖ్ తిక్వాలో కేర్‌గివర్‌గా చేస్తున్నా. మా జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. పెద్ద పెద్ద మాటలు నాకు రావు, నేను చూసింది రాస్తా.

నేను చూసుకునే అమ్మ బాగ్దాద్‌లో పుట్టింది. 1951లో చిన్నపిల్లగా వచ్చిందట. అప్పుడు ఇరాక్ నుంచి లక్షమందికి పైగా యూదులు వచ్చేశారు, ఇళ్ళూ షాపులూ వదిలేసి. అందుకే అరబ్బులంటే ఆమెకు కోపం. కానీ టీవీలో అరబ్ గాయని ఉమ్ కుల్సూమ్ పాట వస్తే సౌండ్ పెంచమంటుంది. వంటలన్నీ వాళ్ళవే. శుక్రవారం పొద్దు కుంకకముందే హాట్ ప్లేట్ మీద గిన్నెలు పెట్టాలి, శనివారం చీకటి పడేదాకా వాటిని ముట్టకూడదు.

ఆమెకు షుగర్, కాలికి పుండు. కట్టు మార్చడానికి తీరా అనే ఊరి నుంచి అరబ్ మేల్ నర్స్ వచ్చేవాడు. ఇద్దరూ అరబిక్‌లో మాట్లాడుకునేవాళ్ళు. ఆమె బాగ్దాద్ యాసకు అతను నవ్వేవాడు. 2023 అక్టోబరు 7 హమాస్ దాడి తర్వాత కొడుకు ఫోన్ చేసి అరబ్ నర్స్ వద్దన్నాడు. వేరే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి గబగబా కట్టు గుడ్డ లాగేసేది, చర్మం కూడా లేచొచ్చేది. అమ్మ పళ్ళు బిగించుకునేది. చలికాలం అయిపోయే ముందు ఆమే కొడుకుతో గొడవ పడి పాత నర్సునే రమ్మంది.

అతను వచ్చిన రోజు ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక్క మాట లేదు. అతను కట్టు మీద సెలైన్ పోసి, నానే దాకా అలా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డ దానంతటదే ఊడొచ్చింది. అప్పుడు అమ్మ మీ అమ్మ ఎలా ఉందని అడిగింది. ఆ మాటలు మాత్రం నాకు అర్థమయ్యాయి. టీ పెట్టమని నాకు సైగ చేసింది.

ఓటు మాత్రం ఆమె ఎప్పుడూ వేసే పార్టీకే వేస్తానంటుంది. అది మారలేదు.

ఓరుగల్లు_రవి

సుజాత గారూ, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ త్రెడ్ పెట్టడం మంచిదైంది. జాగ్రత్తగా ఉండండి అక్కడ.

నల్గొండ_రఫీ

సుజాతక్కా, చాలా బాగా రాశారు. మీ అనుభవాన్ని తక్కువ చేయట్లేదు, కానీ నేను చెప్పాలనుకున్నది మీ చివరి లైన్‌లోనే ఉంది. నర్సు మంచివాడని ఒప్పుకోవడం వేరు. ఆ నర్సు బంధువుల ఇల్లు కూల్చొద్దని ఓటు వేయడం వేరు. మొదటిది ఇంటి గడప దాకా వచ్చే మార్పు, రెండోది రాజకీయ మార్పు. మన దగ్గరా అంతే కదా. మా నాన్న దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు, సేమ్యా పాయసం తిని వెళ్ళేవాళ్ళు, మాకు ఇల్లు అద్దెకివ్వమంటే మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు.

లెక్కల_మాస్టారు

రఫీ చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నేను అబ్బాస్ లాంటివాళ్ళను మనసుతో కాకుండా పనితో కొలుస్తాను. చేరినందుకు ఏం సాధించాడు? 2021 అక్టోబరులో అరబ్ సమాజం కోసం దాదాపు 30 బిలియన్ షెకెల్‌ల అయిదేళ్ళ ప్రణాళిక. నెగెవ్‌లో గుర్తింపు లేని మూడు బెదూయిన్ ఊళ్ళకు గుర్తింపు. 2022 జనవరిలో కరెంటు చట్టం, ఇల్లు కట్టడానికి పర్మిట్ లేదని కనెక్షన్ ఇవ్వని వేల ఇళ్ళకు దారి చూపింది. ఆ చట్టం వచ్చిన రోజు పార్లమెంటులో కేకలు చూడాలి.

ఏడాది తిరిగేసరికి ఆ ప్రభుత్వం కూలింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ డబ్బులో కోతలు పెట్టింది. 2023లో అరబ్ ఊళ్ళలో హత్యలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే రెట్టింపై 240 దాటాయి. గ్యాంగులు, అప్పుల ముఠాలు, దొంగ తుపాకులు. అబ్బాస్ ఎన్నికల్లో గొంతు చించుకుని అడిగింది ఈ హత్యలు ఆపమనే. గాజా, జెరూసలేంలోని అల్ అఖ్సా మసీదు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, మా వీధిలో తుపాకీ మోత ఎవరాపుతారు అని అడిగే ఓటరు ఉన్నాడని అతను ముందుగా కనిపెట్టాడు. నన్నడిగితే అతని అసలు మార్పు అదే.

ఎడిసన్_శ్రీని

న్యూజెర్సీ నుంచి ఒక మాట. ఇక్కడ మా టీమ్‌లో ఒక యూదు కుర్రాడున్నాడు. చిన్నప్పుడు వేసవి క్యాంపుల్లో ఇజ్రాయెల్ జెండా పట్టుకుని పెరిగానని చెబుతాడు. గాజా యుద్ధం మొదలయ్యాక మెల్లగా అతని అభిప్రాయం మారింది. పస్కా పండగ భోజనానికి కుటుంబమంతా కూర్చుంటే తండ్రితో పెద్ద గొడవైంది. మీ తాతను కాపాడింది ఏ దేశమో మర్చిపోయావా అని తండ్రి, మా తాతకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే కదా అని కొడుకు. ఇద్దరిదీ ఒకే జ్ఞాపకం. అక్కణ్ణుంచి చెరో దారిన వెళ్ళారు. కొన్నాళ్ళు మాటల్లేవు, ఇప్పుడు ఫోన్‌లో వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారట.

పక్కనే న్యూయార్క్‌లో 2025 మేయర్ ఎన్నికలు చూశారుగా. ప్రైమరీలో యూదు అభ్యర్థి బ్రాడ్ లాండర్, ముస్లిం అభ్యర్థి జొహ్రాన్ మమ్‌దానీ ఒకరికొకరు మద్దతు ప్రకటించుకున్నారు. ఇద్దరికీ ఇజ్రాయెల్ విషయంలో అన్నీ కలిశాయని కాదు. అద్దెలు, బస్సులు, పిల్లల సంరక్షణ మీద కలిశారు.

చేబ్రోలు_వాసు

అయితే అబ్బాస్ కరెంటు చట్టం లాంటిదే. కడుపు దగ్గర కలుస్తారు.

మాధవి_లెక్చరర్

కడుపు దగ్గర కలవడం తేలిక, చరిత్ర దగ్గర కలవడమే కష్టం వాసు గారూ. మొహమ్మద్ దజానీ ఉదాహరణ చూడండి. జెరూసలేంలో పాత ప్రతిష్ఠ ఉన్న కుటుంబం. కుర్రతనంలో అరాఫత్ సంస్థ ఫతాలో పనిచేసినవాడు. తండ్రికి క్యాన్సర్ వస్తే ఇజ్రాయెలీ ఆసుపత్రిలో డాక్టర్లు అందరు రోగుల్లాగే చూశారు. అక్కడ మొదలైంది ఆయన మార్పు. 2014 మార్చిలో 27 మంది పాలస్తీనా విద్యార్థులను ఆష్‌విట్జ్‌కు తీసుకెళ్ళాడు. అదే కార్యక్రమం కింద ఇజ్రాయెలీ విద్యార్థులు బెత్లెహేం దగ్గర దహైషా శరణార్థి శిబిరానికి వెళ్ళారు. ఒకళ్ళ బాధ ఒకళ్ళు చూడాలన్నది ఉద్దేశం.

తిరిగొచ్చేసరికి ద్రోహి అని బెదిరింపులు. అల్ ఖుద్స్ యూనివర్సిటీలో ఉద్యోగానికి రాజీనామా చేయాల్సి వచ్చింది. తర్వాత కారుకు నిప్పు పెట్టారు. అవతలివాళ్ళ కష్టం నిజమని ఒప్పుకుంటే మన కష్టం అబద్ధమైపోతుందని జనానికి ఒక భయం. ఆ భయం పోగొట్టడానికే ఆయన పిల్లల్ని తీసుకెళ్ళాడు. తను మాత్రం పాలస్తీనా వాదాన్ని ఒక్క అక్షరం కూడా వదులుకోలేదు, ఆక్రమణ పోవాలనే అన్నాడు.

లెక్కల_మాస్టారు

అందరూ ఒకవైపు మార్పే చెబుతున్నారు. ఎదురు దిక్కు మార్పు కూడా చూడాలి. బెన్నీ మోరిస్ అని ఇజ్రాయెలీ చరిత్రకారుడు. 1948లో పాలస్తీనీయులు శరణార్థులు ఎలా అయ్యారో ఆర్కైవులు తవ్వి 1988లో పుస్తకం రాశాడు. చాలామందిని వెళ్ళగొట్టారని కాగితాలతో చూపించాడు. వెస్ట్ బ్యాంక్‌లో రిజర్వు డ్యూటీ చేయనని జైలుకు కూడా వెళ్ళాడు. అదే మనిషి 2000లో క్యాంప్ డేవిడ్ శాంతి చర్చలు విఫలమై, రెండో ఇంతిఫాదా (పాలస్తీనా తిరుగుబాటు)లో బస్సులు పేలాక, అవతలివాళ్ళకు శాంతి అక్కర్లేదనే నిర్ణయానికి వచ్చాడు. 1948లో వెళ్ళగొట్టే పని సగంలో ఆపారని 2004 ఇంటర్వ్యూలో అన్నాడు. తను రాసిన చరిత్రను వెనక్కి తీసుకోలేదు, దాన్నుంచి తీసిన పాఠం మార్చుకున్నాడు.

2023 అక్టోబరు 7 తర్వాత గాజా అంచున ఉన్న కిబ్బుత్జ్‌ల (ఉమ్మడి వ్యవసాయ ఊళ్ళ) వాళ్ళలోనూ అలా మారినవాళ్ళు ఉన్నారు. గాజా రోగులను సొంత కార్లలో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు తీసుకెళ్ళిన ఊళ్ళు అవి. మార్పు అనగానే మంచి మార్పే అనుకోవడం మన ఆశ.

నల్గొండ_రఫీ

అదే రోజు తల్లిదండ్రులు ఇద్దర్నీ నెతివ్ హఅసరాలో పోగొట్టుకున్న మావోజ్ ఇనోన్ పగ వద్దన్నాడు మాస్టారూ. అజీజ్ అబూ సారా అనే పాలస్తీనీయుడితో కలిసి దేశాలు తిరుగుతున్నాడు. ఈ అజీజ్ అన్న ఇజ్రాయెలీ జైల్లో తిన్న దెబ్బలతో చనిపోయాడు. హిబ్రూ నేర్చుకోనని భీష్మించిన కుర్రాడు, కాలేజీకి ఉద్యోగానికి తప్పదని పద్దెనిమిదేళ్ళకు హిబ్రూ నేర్పే బడి ఉల్పన్‌లో చేరాడు. అక్కడ కొత్తగా వలస వచ్చిన యూదులే క్లాస్‌మేట్లు. సైనికులూ సెటిలర్లూ కాని యూదులను దగ్గరగా చూడటం అదే మొదలు.

ఇలాంటివాళ్ళ మీద నాకు గౌరవం లేక కాదు నేను వాదిస్తున్నది. వాళ్ళు వందల్లో ఉన్నారు. ఓట్లు లక్షల్లో ఉన్నాయి.

కువైట్_కడప

గోంగూర పక్కనపెట్టి నా సంగతి రాస్తా. నేను 1987లో కువైట్ పోయినా. మా కంపెనీలో లెక్కలు చూసేది ఒక పాలస్తీనా ఆయన, అక్కడే పుట్టి పెరిగినోడు. అప్పట్లో కువైట్‌లో పాలస్తీనీయులు సుమారు నాలుగు లక్షలు. బళ్ళలో టీచర్లు, ఇంజనీర్లు, అంతా వాళ్ళే. 1990 ఆగస్టులో సద్దాం వచ్చినాడు. పాలస్తీనా నాయకుడు అరాఫత్ పోయి సద్దాంను కౌగిలించుకున్నాడు. మా లెక్కలాయన కోపంతో ఊగిపోయినాడు. మనకు అన్నం పెట్టిన దేశాన్ని మింగినోడిని మన నాయకుడు వాటేసుకుంటాడా అన్నాడు. అంతవరకు అరాఫత్ ఫొటో ఆయన టేబుల్ మీదుండేది. సొంత తమ్ముడు సద్దాం ఇజ్రాయెల్‌ను కొడతాడని సంబరపడితే ఇద్దరికీ మాటలు పోయినాయి.

మమ్మల్ని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తెచ్చినారు. లక్షా డెబ్బయి వేలమంది. 1992లో మళ్ళీ పోయినా. ఆ కుర్చీలో ఈజిప్టు ఆయన ఉన్నాడు. అన్న, తమ్ముడు ఇద్దర్నీ జోర్డాన్ పంపేసినారంట. ఒకరు మారినారు, ఒకరు మారలేదు, ఇద్దరికీ ఒకటే శిక్ష. రవి అడిగిందానికి నా జవాబు ఇది. మారినోడిని వేరుగా చూసే కళ్ళు ప్రభుత్వాలకు ఉండవు.

పాత_పేపర్

కడప అన్నగారూ, మీరు చెప్పిన ఆ 1990 కౌగిలింతే చాలా మార్చింది. గల్ఫ్ డబ్బులు ఆగిపోయి అరాఫత్ సంస్థ పీఎల్ఓ బలహీనపడింది. అరాఫత్ ఇజ్రాయెల్‌తో 1993 ఓస్లో ఒప్పందం దాకా రావడానికి అదొక కారణం.

మన పీవీ నరసింహారావు గారు ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నదీ ఆ నీడలోనే, 1992 జనవరి 29న. సోవియట్ యూనియన్ పోయింది, మాడ్రిడ్ శాంతి సమావేశంలో అరబ్బులే ఇజ్రాయెల్ ఎదురుగా కూర్చున్నారు. అరాఫత్ అదే నెల ఢిల్లీ వచ్చి వెళ్ళాక ప్రకటించారు. 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసిన దేశం మనది, పీఎల్ఓను 1974లోనే గుర్తించిన దేశం. పీవీ వాటిని కాదనలేదు. పాత స్నేహం ఉంచుకుని కొత్త తలుపు తీశారు.

ఎడిసన్_శ్రీని

పీవీ గారిని తేకుండా ఏ త్రెడ్ అయినా ముగించగలరా పాత_పేపర్ గారూ 🙂

పాత_పేపర్

పీవీ గారి వంగర పక్క ఊరు మాది. తేకుండా ఎలా ఉంటాను.

ఓరుగల్లు_రవి

అందరివీ రెండుసార్లు చదివాను. రఫీ గారూ, గడపకూ ఓటుకూ మీరు చెప్పిన తేడా బుర్రలో తిరుగుతోంది. ఒక్కటి అడుగుతా. 2021 మేలో యూదులూ అరబ్బులూ కలిసి ఉండే లోద్ నగరంలో అల్లర్లు జరిగాయి. అరబ్ యువకుణ్ణి కాల్చి చంపారు. రాళ్ళ దెబ్బలకు ఒక యూదు వ్యక్తి చనిపోయాడు, ఆయన కిడ్నీ ఒక అరబ్ క్రైస్తవ మహిళకు అమర్చారు. అప్పుడు అబ్బాస్ లోద్ వెళ్ళి, తగలబడిన సినగాగ్ ముందు నిలబడి తిరిగి కట్టడానికి సాయపడతామన్నాడు. అది ఓట్లు తెచ్చే పని కాదు, పోగొట్టే పని. అది కూడా లెక్కేనా?

నల్గొండ_రఫీ

కాదు. అది లెక్క కాదు, ఒప్పుకుంటా. మసీదును తగలబెట్టినా, సినగాగ్‌ను తగలబెట్టినా అల్లా ఇంట్లో పాపమే అని మా అమ్మ అనేది. ఆ పని చేసినందుకు అబ్బాస్ మంచి ముస్లిం అంటాను. ద్రోహి అన్నవాళ్ళతో నేను లేను.

2023 అక్టోబరు 7 మీద అతని పార్టీ ఎంపీ ఒకావిడ ఆ దారుణాల్లో కొన్ని జరగలేదన్నట్టు మాట్లాడితే రాజీనామా చేయమని ఆవిడకే చెప్పాడు. అదీ మెచ్చుకుంటా. నా కోపం అతని మీద కాదు. ఇంత చేసినా అతనికి ఎదురుగా వచ్చి నిలబడే యూదు నాయకుడు ఎవరు? నేషన్ స్టేట్ చట్టం తప్పు, మార్చుదాం అని ఎన్నికల సభలో చెప్పి గెలిచినవాడు ఎవరు? ఒక చెయ్యి చాలాసేపటి నుంచి చాచే ఉంది.

మాధవి_లెక్చరర్

ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ ఆ వైపుకే నడిచాడు రఫీ గారూ. మొదటి ఇంతిఫాదాలో రక్షణ మంత్రిగా లాఠీలతో అణచమన్నవాడు, 1993లో అరాఫత్ చెయ్యి అందుకున్నాడు. అరబ్ పార్టీల ఓట్లు బయటి నుంచి ఉంటేనే ఆయన ప్రభుత్వం నిలబడింది. అదే పెద్ద నేరమన్నారు, యూదు మెజారిటీ లేని నిర్ణయమన్నారు. 1995 నవంబరు 4న ఒక యూదు యువకుడే కాల్చి చంపాడు. ఈజిప్టు అధ్యక్షుడు సదాత్‌ను 1981లో సొంత సైనికులు చంపినట్టే. ఇద్దర్నీ చంపింది శత్రువు కాదు.

జగిత్యాల_సుజాత

ఇక్కడ రబీన్‌ను చంపిన చౌక్ దగ్గర ప్రతి నవంబరులో దీపాలు పెడతారు. మా ఫ్రెండ్స్‌మి సెలవు దొరికినప్పుడు అటు వెళ్తుంటాం. అమ్మ కొడుకు మాత్రం ఆ పేరెత్తితే ఛానల్ మారుస్తాడు.

లెక్కల_మాస్టారు

2026 అక్టోబరులోగా ఇజ్రాయెల్‌లో ఎన్నికలు జరగాలి. నా అంచనా రాసిపెడుతున్నా. అరబ్ ఓటు శాతం పెరిగితే ఎవరి సంకీర్ణానికైనా ఆ సీట్లు అవసరం పడతాయి. అప్పుడు బెన్నెట్ అయినా ఇంకో నాయకుడు లాపిద్ అయినా అబ్బాస్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారా లేదా అన్నది తేలిపోతుంది.

నల్గొండ_రఫీ

కూర్చోవడం కాదు మాస్టారూ, మంత్రి పదవి ఇస్తారా చూడండి. 2021లో అబ్బాస్‌కు దక్కింది డిప్యూటీ మంత్రి కూడా కాదు, అరబ్ వ్యవహారాల కమిటీ ఛైర్మన్‌గిరీ.

లెక్కల_మాస్టారు

సరే, మంత్రి పదవి. దాని మీదే కొలుద్దాం.

కువైట్_కడప

పీవీ ఫోటో పెట్టి ఎవురైనా ఆ 1992 సంగతి వేరే త్రెడ్ తెరవండి. దాని మీద నాకు ఇంకా చానా చెప్పాలనుంది.